మెట్ల మీద పదకొండు డబ్బాలు

ఏటుకూరు రోడ్డు పక్క సందులో
మేడ మీద రేకుల గది మాది.
నేల లేదు. మెట్లున్నాయి.
పదకొండు మెట్లకి పదకొండు డబ్బాలు,
పగిలిన పెయింటు బకెట్టు, నూనె డబ్బా,
మా ఆయన బండి అమ్మేశాక మిగిలిన హెల్మెట్టు.
హెల్మెట్లో కలబంద బాగా వస్తుంది.
ఆయన తల కన్నా అదే చల్లగా ఉంటుంది అందులో.

మొదటి కొమ్మ నాగూర్‌బీ ఇచ్చింది,
అడ్డసరం.
"నీళ్ళు పెద్దగా అడగదు, మేక ముట్టదు,
మనలాంటిదే" అంది.

కాయ దిగిన దగ్గర్నుంచి ఎండలు ముదిరే దాకా
కోల్డు స్టోరేజీ ముందు కూర్చుని
మిరపకాయ తొడిమెలు తీస్తాను.
కిలోకి ఇంతని.
సాయంత్రానికి పది వేళ్ళూ పది పొయ్యిలు.
చెయ్యి కంటికి తగలకుండా,
పిల్లాడి బుగ్గకి తగలకుండా
ఇంటికి చేరడం ఒక విద్య.
వచ్చి మొదటి మెట్టు మీద కూర్చుని
కలబంద మట్ట ఒకటి విరుస్తాను.
ఆ జిగురు వేళ్ళ సందుల్లోకి జారేటప్పుడు
ఎవరు పిలిచినా పలకను.

చేతులు కడిగిన నీళ్ళు పారబొయ్యను.
వాము ఆకు మీద చిలకరిస్తాను.
పేనుబంక దరి చేరదు.
నన్ను కాల్చింది దాన్ని కాపు కాస్తుంది,
ఈ లెక్కేంటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

సందులో అందరికీ నా మెట్లు తెలుసు.
మూడోది పిల్లల జలుబు.
ఐదో మెట్టు నల్లేరు, ముసలాళ్ళ మోకాళ్ళు.
గుంటగలగర ఎనిమిదో మెట్టు మీద ఉంటే
కాలేజీకి పోతూ ఝాన్సీ
జుట్టు కోసం గిల్లుకుపోతుంది దొంగతనంగా,
నేను చూడనట్టు చూస్తాను.
తులసి మటుకు నా చేత బతకదు.
మూడుసార్లు పెట్టాను. అడక్కండి.

హమాలీ ఏసుపాదం రోజూ పొద్దున్నే
రెండు అడ్డసరం ఆకులకి వచ్చేవాడు.
యార్డులో బస్తా మోసేవాళ్ళకి
దగ్గు లేందెవరికి?
మిరియం దంచి, బెల్లం ముక్క వేసి కాచుకోమన్నా.
వారం. పది రోజులు. నెల.
ఒకనాడు మెట్ల కింద కాలవ దగ్గర వంగి దగ్గాడు.
ఎరుపు.

ఎరుపు నాకు తెలుసు.
తేజ ఎరుపు వేరు, బ్యాడిగ ఎరుపు వేరు,
వానకి తడిసి ఆరిన కాయది ఇంకో ఎరుపు.
పదహారేళ్ళుగా ఒళ్ళో పోసుకుంటున్నా.
ఇది ఏ బస్తాలోదీ కాదు.

ఆ పూట ఆకు ఇవ్వలేదు.
"ఇవ్వవా అక్కా?" అన్నాడు చిన్నబోయి.
"ఇవ్వను. ఆటో ఎక్కు."
పెద్దాసుపత్రిలో చీటీ, కఫం డబ్బా, ఎక్స్‌రే,
ఆరు నెలల బిళ్ళలు.
నా కూలి ఒకరోజుది పోయింది. పోనీ.

ఇన్నాళ్ళూ ఏం వాడావని అడిగింది నర్సమ్మ.
వాడు నా వంక చూశాడు.
నేను గోడ మీది కాగితం చదువుతూ నిలబడ్డా.
నాకు చదువు రాదు.

ఆ రాత్రి అడ్డసరం మొదలు పట్టుకున్నా, పీకేద్దామని.
నాగూర్‌బీ కిందనుంచి కేకేసింది,
"ఆకు కోసం రాకపోతే
వాడి దగ్గు ఎవరు లెక్కపెట్టేవాళ్ళే?"
పీకలేదు.
కోపం తీరక రెండు రోజులు నీళ్ళు మానేశా.
దానికేం పట్టలేదు.

ఈ ఏడు మళ్ళీ కొత్త కాయ దిగింది.
ఏసుపాదం మళ్ళీ బస్తా ఎత్తుతున్నాడు, చిన్నవి.
మొన్న వస్తూ వస్తూ
వంగిపోయిన కాటా పళ్ళెం ఒకటి తెచ్చాడు,
పన్నెండోదానికి.
పన్నెండో మెట్టు లేదురా అంటే
"గడప ఉందిగా" అన్నాడు.

అందులో ఇంత మట్టి పోసి
రణపాల ఆకు ఒకటి పడేశా.
నాటలేదు, ఊరికే పడేశా.
ఇవాళ వచ్చి చూస్తే
అంచున గంటు గంటుకీ
దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్ళు.
ముట్టుకుందామని చెయ్యి చాచి
కడుక్కున్నానో లేదో గుర్తురాక
వెనక్కి తీసుకున్నా.